పగడాల వీధి సమాజమందిరం

చెన్నై జార్జిటౌన్‌లోని కోరల్ మర్చంట్ స్ట్రీట్‌ను తమిళంలో పవళక్కార వీధి అంటారు. పవళమంటే పగడం. మన ఆడవాళ్లు తాళితో పాటు గుచ్చుకునే పగడమే. మధ్యధరా సముద్రపు పగడాన్ని ఇటలీ రేవు లివోర్నో నుంచి లండన్ మీదుగా తెప్పించి, ఇక్కడ అమ్మి, ఆ సొమ్ముతో గోల్కొండ వజ్రాలు కొన్నది పోర్చుగీసు మూలాల యూదు వర్తకులు. పేరుకే గోల్కొండ వజ్రాలు, తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరులాంటి చోట్ల. జాక్ దె పైవా అనే వర్తకుడు గనుల దాకా వెళ్లి జబ్బుపడి, మద్రాసుకు తిరిగొచ్చి 1687లో చనిపోయాడు. మరుసటి ఏడు మద్రాసు కార్పొరేషన్ ఏర్పడితే పన్నెండుమంది ఆల్డర్మన్లలో, అంటే నగరసభ పెద్దల్లో, ముగ్గురు యూదులే.

తెలుగు బైబిల్లో సమాజమందిరం అన్నది వీళ్ల ప్రార్థనామందిరం సినగాగే. గోడలు కట్టినంత మాత్రాన అది నడవదు. వాళ్ల సామూహిక ప్రార్థనకు పదిమంది వయోజన పురుషులు కూడాలి, తొమ్మిదిమందయితే కొన్ని ప్రార్థనలు ఆపేయాల్సిందే. 1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు దొరికి ఇక్కడి బేరం పలచబడ్డాక ఆ పదిమందిని కూడగట్టడమే కష్టం. ఇప్పుడా వీధిలో మందిరం లేదు.

మిగిలినవి సమాధిరాళ్లు. పెద్దనాయకన్‌పేట నుంచి ఒకటికి రెండుసార్లు చోటు మారి, 1983 నుంచి లాయిడ్స్ రోడ్డులో ఉన్నాయి. సమాధిని కదిలించడం యూదు ధర్మం ప్రకారం చివరి గత్యంతరం. ఊరు మాత్రం దాన్ని మామూలు పనిలా చేసేసింది.

హీబ్రూ రాతిమీద ఏడాది లెక్క కట్టడం అక్షరాలతో అంకెలు చెప్పే మన కటపయాది తెలిసినవాళ్లకు సులువే, అక్కడా అక్షరాలే అంకెలు. ఉదాహరణకు తావ్ 400, మేమ్ 40, జయిన్ 7, మొత్తం 447. వేలస్థానం చాలాసార్లు రాయరు కాబట్టి 5000 కలిపితే 5447. అందులోంచి 3760 తీసేస్తే 1687. వాళ్ల సంవత్సరాది సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది గనుక, అప్పటి నుంచి డిసెంబరు లోపు మరణమైతే 3761 తీయాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఇంకో చిక్కు, అరిగిన రాతిమీద దాలెత్, రేష్ ఒకేలా కనిపిస్తాయి. మొదటిది 4, రెండోది 200. మూల పదునుగా ఉంటే దాలెత్, గుండ్రంగా తిరిగితే రేష్. సుద్దపొడి రుద్దకండి, రాయి ఇంకా అరుగుతుంది. పొద్దున ఏటవాలు ఎండలో, లేదా పక్కనుంచి అద్దంతో వెలుగు కొట్టి చూస్తే గీతలు తేలతాయి. పూలు అక్కర్లేదు. గులకరాయి ఒకటి పెట్టి, బయటికొచ్చాక చేతులు కడుక్కోవడం వాళ్ల ఆచారం.