అడ్డంగా ఒక్క పైపు, నాలుగు నెలలు

మా మామిడి తోట రోడ్డుకి ఇవతల, కొత్తగా నీళ్ళు పడిన బోరు అవతల. మధ్యలో ఉండేది పద్దెనిమిది అడుగుల తారు రోడ్డు, అంతే. దాని కింద రెండున్నర అంగుళాల పైపు దూర్చడానికి నాలుగు నెలలు పట్టింది, అందులో రెండు నెలలు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకోవడానికే సరిపోయింది.

మా బావమరిది మొదటి రోజే తేల్చేశాడు. "పర్మిషన్ ఏంది బావా, రాత్రి పదకొండుకి జేసీబీ పిలిస్తే తెల్లారేలోపల పూడ్చేస్తాం." నిజం చెప్పాలంటే నేనూ ఒప్పుకునేవాణ్ణే. కానీ పోయినేడు మా ఊరి మలుపులో ఎవరో ఇట్లాగే రాత్రికి రాత్రి కొట్టి మట్టి పోసి వెళ్ళిపోయారు, మొదటి వానకే జానెడు కుంగింది. పొద్దున ఐదున్నరకి చీకట్లో పాల క్యాన్లు కట్టుకుని వస్తున్న కుర్రాడు బండితో సహా అందులో పడ్డాడు. మూత ఊడిన క్యాను దొర్లుకుంటూ పోయి చింతచెట్టు మొదట్లో ఆగింది, పాలన్నీ తారు మీద, ఆ పిల్లోడికి చెయ్యి విరిగింది.

సరే ఆఫీసుకే పోదాం అంటే, ఏ ఆఫీసు? టౌన్లో మున్సిపాలిటీ రోడ్డయితే కమిషనర్, పల్లె రోడ్డయితే పంచాయతీరాజ్ ఇంజనీర్లు, స్టేట్ హైవేలూ పెద్ద జిల్లా రోడ్లూ ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖ. నేషనల్ హైవే అయితే కథే వేరు, 2002 చట్టం ప్రకారం వాళ్ళ స్థలంలో పైపు వేయాలన్నా, పక్కన హోటలో పెట్రోల్ బంకో కట్టి హైవేలోకి దారి పెట్టుకోవాలన్నా ముందు అనుమతి ఉండాల్సిందే. కిలోమీటరు రాయి తల చూస్తే తెలిసిపోతుంది అన్నారు: పసుపైతే నేషనల్, ఆకుపచ్చైతే స్టేట్, నారింజైతే పల్లె రోడ్డు. మా రాయికి ఎన్నికలప్పుడు ఎవరో పార్టీ రంగు పూసేశారు! పెద్దవాళ్ళని అడిగినా లాభం లేదు, 2010లో హైవే నంబర్లన్నీ మారినా మా నాన్న పీలేరు రోడ్డుని ఇప్పటికీ 205 అనే అంటాడు. పైగా 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా వేరయ్యాక మా పాకాల వైపు వాళ్ళకి చిత్తూరు పోవాలా తిరుపతి పోవాలా అని ఇంకో టెన్షన్. ఒకచోట "మాది కాదు" అన్నారు. ఇంకోచోట అర్జీ తీసుకుని నెల రోజులు పెట్టుకుని అదే మాట అన్నారు.

చివరికి అది ఆర్ అండ్ బీ రోడ్డని తేలింది, వాళ్ళ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు చూడటానికి వచ్చారు. నేను తెలివిగా, "సార్, వంద గజాల్లో తూముంది, పైపు అందులోంచి లాగేస్తే తవ్వే పనే లేదు కదా" అన్నాను. ఆయన నవ్వి, తూములో పైపు అడ్డముంటే కంపా చెత్తా తట్టుకుంటాయి, వాన నీళ్ళు ఎగదన్ని రోడ్డు మీద పొర్లితే గట్టే కొట్టుకుపోతుంది అన్నారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

తర్వాత ఎట్లా వేయాలో ఆయనే చెప్పారు. పైపు ఐమూలగా పోకూడదు, రోడ్డుకి సరిగ్గా అడ్డంగా పోవాలి. వట్టి మట్టిలో పెట్టకూడదు, ముందు ఒక లావు పైపు ఇటు కాలువ నుంచి అటు కాలువ దాకా వేసి దాని లోపల దూర్చాలి, రేపు మన పైపు పగిలినా రోడ్డు ముట్టుకోకుండా బయటికి లాగి మార్చుకోవచ్చు (ఇది మాత్రం భలే నచ్చింది). లావు పైపు నెత్తి రోడ్డు మట్టానికి కనీసం 1.2 మీటర్లు, అంటే దాదాపు నాలుగడుగులు కింద ఉండాలి. బస్సు ఆగకుండా సగం రోడ్డు తవ్వి పూడ్చాకే మిగతా సగం ముట్టుకోవాలి, పూడ్చేటప్పుడు పొర పొరకీ నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టాలి.

రోడ్డు మళ్ళీ బాగుచేయడానికి కట్టమన్న డబ్బు చూసి గుండె జారింది, పైపుల ఖర్చుకన్నా అదే ఎక్కువ. చలానా కట్టాను, స్టాంపు పేపరు మీద రాసిచ్చాను, రెండు పగళ్ళలో పని అయిపోయింది. దిమ్మిస కొట్టింది మా బావమరిదే.

డిపాజిట్ మాత్రం వానాకాలం పోయి, అక్కడ కుంగలేదని చూశాకే వెనక్కిస్తారట. వాన వెలిసిన ప్రతిసారీ బండి ఆపి ఆ చోట మడమతో నొక్కి చూస్తున్నాను.