సెయింట్ వైట్ సమాధి దగ్గర అమ్మ

మోకాళ్ల నొప్పులతో అమ్మ ఈ ఏడాది ఫిబ్రవరి తిరునాళ్లకి గుణదల కొండ ఎక్కలేకపోయింది. కిందనే నిలబడి మరియమాతకి దండం పెట్టుకుని వచ్చేశానని ఫోన్‌లో చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. మేలో మా దగ్గరికి సౌతాంప్టన్ వచ్చాక, "ఇక్కడ మొక్కుకునే చోటు ఏదీ లేదా నాన్నా?" అని అడిగింది.

ఇంగ్లండ్‌లో అలాంటి చోట్లు ఒకప్పుడు ఊరూరా ఉండేవి. 1538 ప్రాంతంలో ఎనిమిదో హెన్రీ రాజు పునీతుల సమాధుల్ని పగలగొట్టించి, వాటి మీది వెండి బంగారాలు ఖజానాకి తరలించాడు. మధ్యయుగపు సమాధి, అందులో అస్థికలు రెండూ మిగిలింది రెండే చోట్ల అంటారు. ఒకటి లండన్ వెస్ట్‌మినిస్టర్ అబేలో ఎడ్వర్డ్ రాజుది. రెండోది డోర్సెట్ జిల్లాలో విట్‌చర్చ్ కానొనికోరమ్ అనే చిన్న పల్లెలో, సెయింట్ వైట్ అనే ఆవిడది. జూన్ 1 ఆమె పండుగ. ఆ తర్వాతి శనివారం కారులో బయల్దేరాం.

మెయిన్ రోడ్డు దిగాక దారి బాగా ఇరుకు. రెండు పక్కలా మనిషికంటే ఎత్తున పొదల గోడలు. ఎదురుగా కారు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాల్సిందే. అమ్మ జపమాల తిప్పుతూనే ఉంది. ఒక మలుపు తిరగ్గానే చర్చి గోపురం కనబడింది.

గోపురం గోడ మీద ఓడ, గొడ్డలి చెక్కిన రాళ్లున్నాయి. వైట్ ఒక సాక్సన్ భక్తురాలనీ, ఓడల్లో దండెత్తి వచ్చిన డేనులు (వైకింగులు) ఆమెని చంపేశారనీ ఈ ఊరివాళ్ల నమ్మకం. ఆమె పేరుకి తెలుపు అని అర్థం, లాటిన్‌లో అందుకే కాండిడా అన్నారు. ఊరు మాత్రం నిజంగా పాతది. 899లో చనిపోయిన ఆల్ఫ్రెడ్ రాజు వీలునామాలోనే దీని పేరుంది.

లోపల చల్లగా ఉంది, తడి రాతి వాసన. మధ్య హాలుకి అటూ ఇటూ లావుపాటి రాతి స్తంభాలు, వాటి మీద కమానులు. ఇవి 800 ఏళ్ల నాటివి. అంతా ఒక్కసారే కట్టింది కాదని చూడగానే తెలుస్తుంది. కొన్ని కమానులు గుండ్రంగా, కొన్ని మొనదేలి ఉన్నాయి. తాత కట్టిన ఇంటికి మనవడు వరండా దింపినట్టు, ఒక్కో తరం తన కాలపు పద్ధతిలో కలుపుకుంటూ పోయింది. జ్ఞానస్నాన తొట్టి 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్ల కాలంది. దాని చుట్టూ ఒకదానిలోకి ఒకటి దూరిన కమానులు చెక్కారు. అమ్మ దాని అంచు మీద చెయ్యి పెట్టి, "ఎంతమంది పసిబిడ్డల్ని చూసిందో" అంది. 19వ శతాబ్దంలో మరమ్మతులు చేసినవాళ్లు ఇవన్నీ ఊడబెరికి కొత్తవి పెట్టలేదు. అందుకు వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సమాధి ఉత్తరం వైపు గదిలో, గోడకి ఆనుకుని ఉంది. వెండి లేదు, రంగు లేదు, బొమ్మ లేదు. 13వ శతాబ్దపు రాతి దిమ్మె, దాని పైన రాతి పెట్టె, అంతే. హెన్రీ మనుషుల కళ్లు దీని మీద పడకపోవడానికి ఈ సాదాతనమే కారణమని నాకు గట్టిగా అనిపిస్తుంది. దిమ్మెకి ముందు వైపు మూడు కంతలున్నాయి, బాదం పప్పు ఆకారంలో, చెయ్యో కాలో పట్టేంత. జబ్బు చేసిన అవయవాన్ని ఆ కంతలో పెట్టి ప్రార్థించేవాళ్లు. రాలేని రోగి కోసం ఇంట్లోవాళ్లు గుడ్డముక్క తెచ్చి లోపల తాకించి పట్టుకెళ్లేవాళ్లు. ఇప్పటికీ ఆ కంతల్లో మడిచిన కాగితాలున్నాయి. ఒకటి సగం విచ్చుకుని ఉంది, పిల్లల అక్షరాలు. చదవకుండా చూపు తిప్పుకున్నాను.

లోపల నిజంగా ఎవరైనా ఉన్నారా అన్నది చాలాకాలం ఎవరికీ తెలియదు. 1900లో గోడ కుంగి సమాధి బీటలు వారింది. తెరిచి చూస్తే ఒక సీసపు పెట్టె. సెయింట్ వైట్ అవశేషాలు ఇక్కడ విశ్రమిస్తున్నాయని దాని మీద లాటిన్‌లో ఉంది. లోపలివి సుమారు 40 ఏళ్ల స్త్రీ ఎముకలని తేల్చారు. మళ్లీ అక్కడే పెట్టి మూసేశారు.

ఈ ఎముకల సంగతి అమ్మకి చెప్పాను. 40 ఏళ్లు అనగానే, "మన పెద్దక్క పోయిన వయసే" అంది. ఇంకేం మాట్లాడలేదు. మోకాళ్ల మీద కూర్చోలేక, ఒక చేత్తో నా భుజం పట్టుకుని వంగింది. చీర కొంగు చివర మధ్య కంతలో పెట్టి, లోపలి రాతికి మెల్లగా రుద్దింది. ఆ కొంగుని ముందు కుడి మోకాలికి, తర్వాత ఎడమ మోకాలికి అదుముకుంది. గుడ్డ సంగతి నేను అప్పటికి చెప్పనేలేదు. ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను కూడా కంతలో చెయ్యి పెట్టాను. రాయి అంచు నున్నగా, సబ్బుబిళ్లలా అరిగిపోయి ఉంది.

మేం ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లం, అది ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ ప్రొటెస్టంట్ల చర్చి. ఆ తేడా అక్కడ మాకు అడ్డం రాలేదు.

బయట సమాధుల మధ్య, 1978లో లండన్‌లో విషప్రయోగానికి బలైన బల్గేరియా రచయిత గియోర్గి మార్కోవ్ సమాధి ఉంది. రాయి మీద ఇంగ్లీషులోనూ, ఆయన భాషలోనూ రాశారు. "సొంతూరికి దూరంగా, పాపం" అని అమ్మ కాసేపు నిలబడింది.

తిరుగుదారిలో మోర్కంబ్‌లేక్ అనే ఊరి దగ్గర కొండవాలులో సెయింట్ వైట్ ఊట ఉంది. ఆ నీళ్లు కళ్లకి మంచివని పేరు. మన బిళ్లగన్నేరుకి చుట్టమైన నీలిపూలని ఈ చుట్టుపక్కల సెయింట్ కాండిడా కళ్లు అంటారు. అమ్మ అంతదూరం నడవలేనని కారులోనే కూర్చుంది. నేను దిగుతుంటే తాగిన నీళ్లసీసా ఖాళీ చేసి చేతికిచ్చింది.

"పిన్నికి శుక్లాలు కదా. నిండా పట్టుకురా."