పొలంలోకి పందుల గుంపు వస్తే ఏది కాల్చాలి?

జర్మనీలో వ్యవసాయం పని అనగానే మనవాళ్లకి పెద్ద ట్రాక్టర్లు, జీపీఎస్, సబ్సిడీలు గుర్తొస్తాయి. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ నేను పనిచేసే ఉత్తర జర్మనీలోని ఉల్‌ట్సెన్ వైపు, ల్యూనెబుర్గ్ హైడె ప్రాంతంలో, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అసలు టెన్షన్ అడవి పందులది. బంగాళాదుంప, చక్కెర దుంప, గోధుమ, బయోగ్యాస్ కోసం వేసే మొక్కజొన్న, ఆ పక్కనే పైన్, ఓక్ చెట్ల అడవి. మొక్కజొన్న విత్తిన నాలుగు రోజులకే రాత్రిపూట దిగి, సాలు వెంట ముట్టె పెట్టి గింజ గింజా ఏరుకుని తింటాయి. జూన్, జూలైలో గోధుమ గింజ పాలు పోసుకునేటప్పుడు మళ్లీ వస్తాయి. తిన్నదానికన్నా తొక్కి పడేసిందే ఎక్కువ.

ఇక్కడ వేట అంటే సరదాకి ఎవరి తుపాకీ వాళ్లు పట్టుకుని పోవడం కాదు. ఊరి పొలాలన్నీ కలిపి ఒక వేట ప్రాంతం. దాన్ని సాధారణంగా తొమ్మిదేళ్లకి తక్కువ కాకుండా కౌలుకిస్తారు, పంట నష్టం కట్టే బాధ్యత మామూలుగా ఆ కౌలుదార్లదే. రైతు నష్టం చూసిన వారంలోపు ఫిర్యాదు చేయాలి, లేకపోతే పరిహారం పోతుంది. మా ఓనరు ఆ కౌలుదార్లలో ఒకరు. అంటే పక్క రైతు ఫోన్ చేసి "నిన్న రాత్రి మళ్లీ వచ్చాయి, మీరేం చేస్తున్నారు?" అని అరిస్తే ఆ అరుపు పడాల్సింది ఆయనే. ఆయన ప్రోత్సాహంతోనే నేను వేట లైసెన్సు పరీక్ష రాశాను. దాన్ని ఇక్కడ ఆకుపచ్చ అబిటూర్ అంటారు (అబిటూర్ అంటే మన ఇంటర్ పరీక్ష లాంటిది). చట్టం, తుపాకీ, రోగాలు, అడవి, కుక్కలు, అన్నీ చదవాలి. రాజేంద్రనగర్‌లో బీఎస్సీ అగ్రికల్చర్ చదివిన నాకు రోగాల భాగం తేలికే, జంతువు వయసు చూసి చెప్పడమే కష్టమైంది.

ఎందుకంటే మొత్తం విషయం అక్కడే ఉంది. గుంపు కనబడగానే ఎవరికైనా కళ్లు పెద్దదాని మీదికే పోతాయి. పంట పాడుచేసేది అదే అనిపిస్తుంది, ఎక్కువ మాంసం కూడా దాని దగ్గరే. కానీ కాల్చకూడనిది సరిగ్గా అదే. ఆ పెద్దది చాలాసార్లు గుంపుని నడిపించే తల్లి. పిల్లలు తమంతట తాము బతకలేని రోజుల్లో తల్లిని చంపితే జర్మన్ వేట చట్టం ప్రకారం అది నేరం, ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. చట్టం సంగతి పక్కన పెట్టినా, తల్లి లేని పిల్లలు ఆకలితో చావడం చూడలేం. పైగా ఏ మంచె దగ్గర ప్రమాదమో, ఏ దారి మంచిదో తెలిసింది దానికే, అది పోతే మిగిలినవి చెల్లాచెదురై ఎటు పడితే అటు పొలాల్లో పడతాయి. అందుకే గుంపులో అన్నిటికన్నా చిన్నదాన్ని ముందు, దాని తర్వాత ఏడాది దాటి రెండేళ్లు నిండనిదాన్ని కాల్చాలి.

మా నాన్నకి ఫోన్లో ఇది చెబితే ఒప్పుకోలేదు. మాది కామారెడ్డి వైపు, మాకూ మొక్కజొన్నే, మాకూ పందులే. "పిల్లని కాల్చి తల్లిని వదిలేస్తే అది మళ్లీ ఈనదా?" అన్నాడు. ఈనుతుంది, నిజమే. కానీ ఓక్ కాయ బాగా కాసిన ఏడాది, మేత దండిగా దొరికితే, ఏడాది కూడా నిండని ఆడపిల్లలే ఈనడం మొదలుపెడతాయి. పందుల సంఖ్య అంతలా పెరగడానికి అదీ ఒక కారణం. చలికాలం లోపు పిల్లల్లో ఎక్కువ భాగాన్ని తీసేయగలిగితేనే సంఖ్య అదుపులో ఉంటుంది. 2019-20 వేట సంవత్సరంలో జర్మనీ మొత్తం మీద 8 లక్షల 80 వేలకు పైగా పందుల్ని కాల్చారు, అయినా అవి అయిపోలేదు. 2020 సెప్టెంబరులో తూర్పున బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల రోగం బయటపడ్డాక ఒత్తిడి ఇంకా పెరిగింది. ఆ రోగం మనుషులకి రాదు కానీ పెంపుడు పందుల షెడ్డులోకి దూరితే ఆ రైతు పని అయిపోయినట్టే. రోగం ఉన్నచోట పెద్ద ఆడపందుల్ని కూడా తీయాలంటారు, అది కూడా ముందు పిల్లల్ని తీశాకే.

కాగితం మీద ఇదంతా సులువు. ఇక మంచె మీద సంగతి. వెన్నెల ఉన్న రాత్రి, గోధుమ నడుము ఎత్తు ఉంది. చేతిలో థర్మల్ కెమెరాలో తెల్లటి మచ్చలు మాత్రమే కనబడతాయి, ఎత్తు పైరులో ఏడాది పందికీ బాగా మేసిన బ్యాడ్జర్‌కీ (బొరియల్లో ఉండే ఒక అడవి జంతువు) తేడా ఒక్కోసారి తెలీదు. కాబట్టి అవి ట్రాక్టర్ దారిలోకి వచ్చేదాకా ఆగాలి. అక్కడ రెండు మూడు క్షణాలు పక్కకి తిరిగి నిలబడితే చూడాల్సినవి చూడాలి: ఒంటి మీద చారలు ఇంకా ఉన్నాయా, కాళ్లు పొడుగ్గా ఒళ్లు సన్నగా ఉందా, పొట్ట కింద మగదానికుండే వెంట్రుకల కుచ్చు కనబడుతోందా, లేక పాలున్న చన్నులా. వెనకాల మట్టి ఉందా, తూటా ఎక్కడ ఆగుతుంది, అదీ చూడాలి. ఇందులో ఒక్కటి తేలకపోయినా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

అన్నిటికన్నా మోసం చేసేది ఒంటరి పంది. ఒక్కటే ఉంది కదా, మగదేలే అనుకుంటాం. మార్చి, ఏప్రిల్లో తల్లి తన కూనల్ని గూట్లో వదిలి ఒక్కతే మేతకొస్తుంది. ఒకసారి అలాంటిది మా మొక్కజొన్నలో ఎనభై మీటర్ల దూరంలో నిలబడింది, విత్తి వారం కూడా కాలేదు, గింజలు నమిలే చప్పుడు వినబడుతోంది, ఆ పొలం నేనే విత్తాను. పక్కనున్న ఓనరు బైనాక్యులర్ దించకుండా "ఇంకొంచెం ఆగు" అన్నారు. అది తిరిగినప్పుడు పొట్ట కింద చన్నులు స్పష్టంగా కనబడ్డాయి. అది తిన్నంత తిని పోయింది. అది రేపు పక్క చేలోకీ దిగొచ్చు కాబట్టి మర్నాడు ఆ పక్క రైతుకి ఓనరే ఫోన్ చేసి జరిగింది చెప్పారు, ఆయన చాలా సేపు తిట్టాడు కానీ కాల్చాల్సిందని మాత్రం అనలేదు.

మా ఊళ్లో రైతుకి ఈ అవకాశమే లేదు, అదే నాకు బాధ. చేను చుట్టూ పాత చీరలు కట్టాలి, రాత్రంతా మంచె మీద డబ్బా కొట్టాలి, నిద్ర చాలక తెగించినవాడు దొంగతనంగా కరెంటు తీగ వేస్తాడు. ఆ తీగకి తల్లీ పిల్లా తేడా ఉండదు, పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషికీ తేడా ఉండదు. ఏటా ఎక్కడో ఒకచోట ఆ వార్త చదువుతూనే ఉన్నాం. శిక్షణ, బాధ్యత, నష్టం ఎవరు కట్టాలన్న లెక్క, ఇవి మూడూ ఇక్కడ కలిపి పెట్టారు కాబట్టే పందిని చూసి కూడా ఆగగలుగుతున్నాం. తుపాకీ ఒక్కటీ అరువు తెచ్చుకుంటే మనకి పని జరగదు.

కాల్చినరోజు పని ఎక్కువ. డయాఫ్రం (ఊపిరితిత్తుల కిందుండే కండ పొర) నుంచి, ముందు కాలి కండ నుంచి ముక్కలు తీసి ట్రైకినెల్లా (మాంసంలో ఉండే ఒక సన్న పురుగు) పరీక్షకి పంపాలి, రిపోర్టు వచ్చేదాకా మాంసం ఎవరికీ ఇవ్వకూడదు. నా వాటా నేను అల్లం, వెల్లుల్లి, ధనియాలు దట్టించి వండుతాను, మా ఓనరు ఇంట్లో అందరూ లొట్టలేసుకుని తింటారు.

నవంబరులో పెద్ద వేట ఉంటుంది, అడవిలోంచి కుక్కలతో తోలి బయటికి పంపుతారు, పొద్దున్నే అందర్నీ నిలబెట్టి ఏది కాల్చొచ్చో, ఏది కాల్చకూడదో గట్టిగా చదివి చెబుతారు. నన్నూ కాల్చేవాళ్ల జాబితాలో రాస్తామన్నారు, వద్దన్నాను. పరుగెత్తే గుంపులో తల్లి ఏదో పిల్ల ఏదో తేల్చేంత వేగం నా కంటికి ఇంకా రాలేదు. ఆరెంజ్ జాకెట్ వేసుకుని కుక్కల వాళ్లతో పాటు పొదల్లో నడుస్తాను.