నానమ్మ మాట క్యూలో ఆగొద్దు

మా పిల్లలు పుట్టి పెరుగుతున్నది డాలస్‌లో. వాళ్లకు తెలుగు వస్తున్నదంటే హన్మకొండలో ఉన్న మా అమ్మతో ఆదివారం చేసే వీడియో కాల్ వల్లే. మాటకు మాట అందుకుంటేనే భాష పట్టుబడుతుంది. "ఏం కూర తిన్నవ్ బిడ్డా?" అని అమ్మ అడుగుతుంది. పాప "బెండకాయ" అంటుంది. అది చేరేలోపే అమ్మ "ఇనవడ్తుందా?" అంటుంది. అట్లా ఒకటి రెండుసార్లయితే చాలు, పాప "ఓకే, బై" అని ఫోన్ నా చేతిలో పెట్టేస్తుంది.

ఇంత దూరానికి రానుపోను 200 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం తప్పదు. అందుకే బతుకమ్మ పాటను కూడా ఇద్దరూ కలిసి పాడలేరు, అమ్మ ఒక చరణం పాడి ఆగితే పాప అందుకుంటుంది. అసలు చిక్కు అమ్మ వాళ్లింట్లోని నెట్ రద్దీతో. తమ్ముడి ఫోన్ ఫోటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే, గేటు కెమెరా వీడియో పంపుతుంటే అప్‌లోడ్ నిండిపోతుంది. అమ్మ గొంతు మోసే చిన్న ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, వాటి వెనక క్యూలో నిలబడతాయి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు.

మొన్న ఊరికి వెళ్లినప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్న రౌటర్ పెట్టి, అందులో ఈ క్యూను అదుపు చేసే ఎస్‌క్యూఎం ఆన్ చేశాను. ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు కేబుల్‌తో స్పీడ్ కొలిచి, అప్‌లోడ్‌కూ డౌన్‌లోడ్‌కూ అందులో 90 శాతం దగ్గర పరిమితి ఇవ్వాలి. ఆ కాస్త స్పీడ్ వదులుకుంటే క్యూ ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల మోడెమ్ డబ్బాలో కాక మన రౌటర్‌లో ఏర్పడుతుంది, అప్పుడే అది మన అదుపులో ఉంటుంది. క్యూ పద్ధతిగా 'కేక్' ఎంచుకున్నాను. తక్కువ డేటాతో నడిచే కాల్‌ను అది పెద్ద అప్‌లోడ్ వెనక ఆపదు. ఏ యాప్‌కు ఎంత ప్రాధాన్యం అని రూల్స్ రాసే పద్ధతీ ఉంది కానీ, పెద్దవాళ్లుండే ఇంట్లో వాటిని ఎవరు మారుస్తూ కూర్చుంటారు? పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టి పింగ్, అంటే ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి పట్టే సమయం, చూడండి. బాగా పెరిగితే పరిమితి ఇంకొంచెం తగ్గించండి. వంటింట్లో వైఫై అందకపోతే మాత్రం ఇవేవీ పనిచేయవు, ముందు అక్కడికి కేబుల్ లాగడం లాంటిదేదో చేయాలి.

డాలస్ ఇంట్లోనూ ఇదే సెట్టింగ్ పెట్టాను. బాబు గేమ్ అప్‌డేట్ దిగుతున్నా కాల్ తెగదు కాబట్టి, "నానమ్మ ఫోన్ చేసింది, అది ఆపు" అని వాడిని గద్దించే పని పోయింది. నానమ్మ ఫోన్ వస్తే తన ఆట ఆగిపోతుందన్న భావన వాడి మనసులో పడకూడదనే నా తాపత్రయమంతా.