పెట్టె తిత్తి చప్పుడు

శనివారం, రాత్రి పదకొండు దాటింది.

ఈ రోజు చెప్పుకోదగ్గ పని ఒక్కటీ చేయలేదు. ఉదయం సంతకు వెళ్లి కూరలు తెచ్చాను, వానలో తడిశాను, మధ్యాహ్నం పప్పు మాడ్చాను, సాయంత్రం నాన్నతో ఫోనులో మాట్లాడాను. అయినా నిద్ర మానుకుని ఇది రాయడానికి కారణం, కూరల సంచీ అడుగున పడి ఇంటికి వచ్చిన ఒక పాత సీడీ.

ఇంగ్లండ్‌లో లండన్‌కు దగ్గరగా ఉన్న మా సెయింట్ ఆల్బన్స్‌లో బుధ, శనివారాల్లో సెయింట్ పీటర్స్ స్ట్రీట్ పొడవునా సంత జరుగుతుంది. వంకాయలు బేరం చేసి డబ్బు ఇస్తుండగా వాన అందుకుంది. తలదాచుకోవడానికి పక్కనే ఉన్న చారిటీ షాపులోకి దూరి, ఏమీ కొనకుండా నిలబడడం బాగుండదని మూలనున్న అట్టపెట్టెలో సీడీలు తిరగేశాను. అట్ట నిండా రంగులు పొంగి పొర్లుతున్నట్టున్న బొమ్మ ఉన్న సీడీ ఒకటి చేతికి వచ్చింది. పేరు 'ఒడెసీ అండ్ ఓరకిల్', పాడినవాళ్లు 'ది జాంబీస్'. వెనక ఉన్న పన్నెండు పాటల పట్టికలో చివరిది 'టైమ్ ఆఫ్ ద సీజన్' అని చూసి ఆగిపోయాను. కౌంటరు దగ్గరున్న పెద్దావిడ ఒకటిన్నర పౌండు తీసుకుంటూ, వీళ్లు మా ఊరి కుర్రాళ్లే తెలుసా అని అడిగింది. తెలియదు. ఈ ఊళ్లో తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను, నాకు నిజంగానే తెలియదు.

ఆ పాట మాత్రం బాగా తెలుసు. 2003లో విజయవాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో, మా హాస్టలు గదిలోని ఏకైక కంప్యూటరుకు ఎవరో నూటయాభై ఇంగ్లీషు పాటలున్న ఎంపీత్రీ సీడీ ఒకటి తెచ్చిపెట్టారు. అందులో ఏ పాటకూ పేరు ఉండేది కాదు, అంకెలే. నలభై ఏడో నంబరు పాటలో బేస్ గిటారు రెండు అడుగులు వేయగానే ఒక చప్పట, ఆ వెంటనే ఎవరో చెవి పక్కన వదిలినట్టు ఒక నిట్టూర్పు వినిపించేవి. మెస్ దగ్గర వరుసలో నిలబడి కంచాల మీద ఆ చప్పట కొడుతూ, ఆ నిట్టూర్పు విడుస్తూ వార్డెనుతో తిట్లు తిన్నాం. అది ఎవరి పాటో అడగాలని మాలో ఒక్కడికీ తోచలేదు. నలభై ఏడు అంతే.

ఇంటికి వచ్చి తల తుడుచుకుంటూ ఆ నలభై ఏడు వెనక ఉన్న కథ కొంత చదివాను. 1960ల మొదట్లో ఇక్కడి బడిపిల్లలు ఐదుగురు కలిసి కట్టిన బృందం ఇది. ఎలక్ట్రిక్ పియానో వాయించే రాడ్ ఆర్జెంట్ చిన్నప్పుడు ఇక్కడి కథీడ్రల్ గాయక బృందంలో పాడినవాడు. ప్రధాన గాయకుడు కోలిన్ బ్లన్‌స్టోన్ పుట్టింది పక్కనున్న హాట్‌ఫీల్డ్‌లో. బేస్ వాయించే క్రిస్ వైట్, గిటారు పాల్ అట్కిన్సన్, డ్రమ్ములు హ్యూ గ్రండీ. 1964లో ఒక పోటీ గెలిచి డెక్కా రికార్డు కంపెనీతో ఒప్పందం సంపాదించుకున్నారు. పంతొమ్మిదేళ్లు నిండీ నిండకముందే రాడ్ రాసిన పాట, వాళ్ల మొదటి రికార్డుగా వచ్చి, అమెరికాలో పాటలకు స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో 2వ స్థానం దాకా వెళ్లింది, సొంత దేశంలో 12 దగ్గర ఆగింది. మరుసటి ఏడాది ఇంకొక పాట అమెరికాలో 6వ స్థానానికి చేరింది. ఆ తరువాత రెండేళ్లు ఏం రికార్డు చేసినా పెద్దగా కొన్నవాళ్లు లేరు.

ఇక్కడి నుంచి జరిగినదే నన్ను పట్టుకుంది. 1967 వేసవిలో వెయ్యి పౌండ్ల బడ్జెట్‌తో వీళ్లు లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోకు వెళ్లారు. బీటిల్స్ తమ ప్రసిద్ధమైన ఆల్బమ్ ఒకటి ముగించి వెళ్లిన కొద్ది వారాలకే ఆ గదుల్లో వీళ్లకు చోటు దొరికింది. మెలోట్రాన్ అనే వాద్యం అక్కడ సిద్ధంగా ఉంది. మెట్టు నొక్కితే లోపల టేపు మీద ముందే రికార్డయి ఉన్న వయొలిన్లో వేణువులో మోగే పెట్టె అది, కాబట్టి వాద్యబృందాన్ని పిలిపించే స్తోమత లేనివాళ్లకు అదే వాద్యబృందమైంది. స్టూడియోలో గంట గంటకూ డబ్బు కనుక పాటలన్నీ బయటే సాధన చేసుకుని, ఎవరు ఎక్కడ ఎత్తుకోవాలో తేల్చుకున్నాకే లోపలికి వెళ్లేవారట. మోనోతో పాటు స్టీరియో కూడా కావాలని కంపెనీ అడిగేసరికి బడ్జెట్ అయిపోయింది. ఆ ఖర్చు రాడ్, క్రిస్ తమ పాటల రాయల్టీలోంచి పెట్టుకున్నారు. ఆ సొమ్ము వాళ్లిద్దరికే ఉంది, ఎందుకంటే పాటలు రాసింది వాళ్లిద్దరే. మిగతా ముగ్గురికి కచేరీల మీద వచ్చేది తప్ప వేరే ఆధారం లేదు, ఆ కచేరీలూ తగ్గిపోతున్నాయి. పెళ్లి చేసుకోబోతున్న గిటారు కుర్రాడికి నెలజీతం కావాలి. డిసెంబరులో బృందం విడిపోయింది. ఆల్బమ్ 1968 ఏప్రిల్‌లో గాని విడుదల కాలేదు. అప్పటికి గాయకుడు కోలిన్ లండన్‌లో ఒక బీమా కంపెనీలో గుమాస్తాగా కాగితాలు సర్దుకుంటున్నాడు.

పాటలు చెడితే బృందాలు విడిపోవడం సహజం. వీళ్లు తమ జీవితంలోకెల్లా మంచి పాటలు పూర్తి చేసి, వాటిని ఎవరూ వినకముందే ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆల్బమ్ పేరులో ఒక అచ్చుతప్పు కూడా ఉంది. అట్ట మీద బొమ్మ వేసిన స్నేహితుడు 'ఒడిసీ' అనే మాటలో ఒక అక్షరానికి బదులు ఇంకొకటి రాశాడు, అది చూసుకునేసరికి ఆలస్యమైపోయింది. అది తప్పు కాదు, ఇంగ్లీషులో గేయం అనే అర్థం ఉన్న 'ఓడ్' కలిసేలా కావాలనే అలా పెట్టామని రాడ్ చెప్పుకొచ్చాడు, తోటివాళ్లు కూడా చాలాకాలం దాన్నే నమ్మారు. మన పుస్తకాల్లోనైతే చివర తప్పొప్పుల పట్టిక అని ఒక చీటీ అంటించి ఊరుకునేవాళ్లం.

వాళ్లు ఇళ్లకు వెళ్లాక అమెరికా నుంచి లండన్ వచ్చిన అల్ కూపర్ అనే సంగీతకారుడు ఈ రికార్డు విని, తిరిగి వెళ్లి కొలంబియా కంపెనీ పెద్దలను ఒప్పించి అక్కడ విడుదల చేయించాడు. 1969లో నా నలభై ఏడో నంబరు పాట అమెరికాలో 3వ స్థానానికి చేరింది. అసలు బృందం లేదు కాబట్టి, ఆ పేరు పెట్టుకుని నకిలీ జాంబీస్ అక్కడి ఊళ్లలో కచేరీలు చేసి డబ్బు చేసుకున్నారు. అసలువాళ్లు మాత్రం తిరిగి కలవమంటే కలవలేదు. ఆ పాట బ్రిటన్ పట్టికల్లోకి ఏనాడూ ఎక్కలేదు. అప్పటినుంచి వీళ్ల గురించి రాసిన ప్రతివాళ్లూ రావలసినంత పేరు రాలేదని రాస్తూ వచ్చారు. అర్ధశతాబ్దం అలా రాయించుకోవడం కూడా ఒక పేరే అనిపిస్తుంది నాకు. 2008లో మిగిలిన నలుగురూ లండన్‌లో ఆల్బమ్ మొత్తం వరుసగా వాయించారు. అట్కిన్సన్ 2004లోనే పోయాడు. 2019లో అమెరికాలో సంగీతకారులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో వీళ్లను చేర్చుకున్నారు. 2024లో పక్షవాతం వచ్చాక రాడ్ కచేరీ యాత్రలు మానుకున్నాడు.

చదవడం అయ్యాక కందిపప్పు పొయ్యి మీద పెట్టి, వంటింటి అల్మరా మీదున్న పాత ప్లేయరులో సీడీ వేశాను. మొదటి పాట ఎండ కాసినట్టు మొదలవుతుంది. ఉత్సాహంగా ఎవరో ఎవరికో ఉత్తరం రాస్తున్నారనుకుంటూ తాలింపుకు వెల్లుల్లి చిదుపుతున్నవాణ్ణి, ఆ ఉత్తరం జైల్లో ఉన్న ప్రియురాలికి, ఆమె విడుదల కాబోతున్నందుకు ఈ సంబరం అని అర్థమై ఆగాను. వాళ్లు ఆ సంగతిని నొక్కి చెప్పరు. దువ్వెన ఎక్కడ పెట్టావన్నంత మామూలుగా చెప్పి ముందుకు సాగిపోతారు. రెండో పాటలో డ్రమ్ములు లేవు, గిటారు లేదు. ఒక పియానో, కొన్ని గొంతులు, పూలతోట ఉండీ తనకంటూ ఒక్క పువ్వు ఇచ్చేవాళ్లు లేని ఎమిలీ అనే స్త్రీ. కోలిన్ గొంతులో సన్నని పొగలాంటి గాలి ఒకటి ఉంది. మాట పూర్తయ్యాక కూడా కాస్త మిగిలి, తరువాతి మాట వచ్చేదాకా ఆ ఖాళీని అలాగే పట్టుకుంటుంది. హాస్టలులో మేం విడిచిన నిట్టూర్పులో ఇది లేదు. ఆ ఖాళీలు వింటూ ఉండగానే గిన్నెలో నీళ్లు ఇగిరిపోయి పప్పు అడుగంటింది. నాలుగో పాటలో ఉన్న బీచ్‌వుడ్ పార్క్ ఇక్కడికి దగ్గరలోనే, క్రిస్ వైట్ పెరిగిన మార్కియేట్ పక్కన ఉంది. మేం రెండుసార్లు ఆ దారిన వెళ్లాం. పాటలో వేసవి వాన ఉంది, కిటికీ బయట కూడా అదే.

తొమ్మిదో పాట ఈ ఏడాది మనదే అని చెప్పే చిన్న సంతోషపు పాట. చివరి పాట ఎంత పేరుపొందినా, ఆల్బమ్‌లో మేలైనది ఇదేనని నా అభిప్రాయం. దాని తరువాత కాసేపు వింత శబ్దాలు వచ్చి, వాటి వెనక నుంచి ఒక చప్పుడు మొదలయ్యేసరికి మాడిన గిన్నె తోముతున్న చేయి ఆగిపోయింది. స్వరం కాదు, స్వరం కన్నా ముందు వచ్చే ఊపిరి. తొక్కుడుచెక్క కిందికి వెళ్లేటప్పటి కిర్రు, తిత్తి నిండేటప్పటి మూలుగు. నాకు ఆరేళ్లప్పుడు తెనాలి దగ్గరి మా ఊళ్లో, పద్యనాటకం రాత్రి, తెర పక్కన నాన్న కాళ్ల దగ్గర కూర్చుని నిద్రపోతూ విన్న చప్పుడు అది. నాన్న ఎలిమెంటరీ స్కూలు టీచరు, శివరాత్రి నుంచి ఉగాది దాకా పెట్టె వాయించేవారు. మా వైపు హార్మోనియాన్ని పెట్టె అనే అంటారు. ఫ్రాన్స్‌లో పుట్టిన ఆ వాద్యం ఓడలెక్కి మన రంగస్థలాల దాకా వచ్చిందని చదువుకున్నాను గాని, దాని చుట్టం ఇలా ఇంగ్లీషు పాప్ పాటలో ఎదురవుతుందని అనుకోలేదు. 1914లో యుద్ధానికి పోయిన ఒక కసాయివాడి కథ ఆ పాట. ఇంటి దగ్గర మాంసం కొట్టి బతికినవాడు, కందకంలో మనుషులు చావడం చూసి చేతులు వణుకుతున్నాయని చెబుతున్నాడు. దీన్ని కోలిన్ పాడలేదు, రాసిన క్రిస్ వైటే పాడాడు. వియత్నాం యుద్ధం నడుస్తోంది కదా అని అమెరికా కంపెనీ ఈ ఆల్బమ్ నుంచి మొదటి సింగిల్‌గా, అంటే విడిగా అమ్మే పాటగా, దీన్నే విడుదల చేసిందట. ఎవరూ కొనలేదు.

మూడున్నరకు, అంటే అక్కడ ఎనిమిదికి, నాన్నకు ఫోను చేశాను. ఎప్పటిలాగే వానల గురించి, మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాక, నాన్నా ఒకటి వినిపిస్తాను, ఏమిటో చెప్పండి అని ఫోను స్పీకరు పక్కన పెట్టాను. అర నిమిషం కాకముందే అటునుంచి గొంతు వినిపించింది.

"అది పెట్టేరా. కాలితో తొక్కేదే. తిత్తి ఎక్కడో చిల్లిపడింది, గాలి పోతోంది, బాగుచేయించమను."

"అరవై ఏళ్ల కిందటి రికార్డు నాన్నా."

"అయితే మాత్రం? పాడేవాడు కూడా శ్రుతి మీద నిలబడడం లేదు, భయపడుతున్నాడు. ఎవరతను?"

కందకం గురించి, కసాయివాడి గురించి, వణికే చేతుల గురించి చెప్పాను. అటువైపు కొంతసేపు మాట లేదు.

"అలాగైతే సరిగ్గానే పాడుతున్నాడు" అన్నారు నాన్న. "మళ్లీ పెట్టు. ఈసారి నువ్వు మధ్యలో మాట్లాడకు."

మళ్లీ పెట్టాను. ఇంగ్లీషు మాటలు ఆయనకు అందవు, అయినా చివరిదాకా విన్నారు. మధ్యలో ఒకసారి అటునుంచి నేలకు చెప్పు తగులుతున్న చప్పుడు, తొక్కుడుకు సరిపోయే లయలో, వినిపించినట్టయింది. మోకాళ్లు అరిగాక ఆయన పెట్టె తొక్కడం మానేసి పదకొండేళ్లయింది. పాట ముగిసి, ఆ వెంటనే జంటలుగా స్నేహితుల పేర్లు వల్లించే పదకొండో పాట హుషారుగా అందుకుంది.

"ఇది వద్దులే" అన్నారు నాన్న. "మీ అమ్మ అన్నానికి పిలుస్తోంది."

గిన్నె ఇంకా సింకులో నానుతోంది.