ముప్పై ఏళ్ల వారంటీ ఉన్న షింగిల్స్ కప్పు పదేళ్లకే పోయింది: వైజాగ్‌లో నా అనుభవం

మొన్నటి వాయుగుండం వానకి మా మేడ మీద గదిలో ఒక్క చుక్క కూడా కారలేదు. ఇక్కడిదాకా రావడానికి నేను పడ్డ పాట్లు మనసులో పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను. మన వైజాగ్‌లో సముద్రం వైపు ఇళ్లున్నవాళ్లు చాలామంది ఇప్పుడు పెంట్‌హౌస్‌ల మీద షింగిల్స్, అంటే తారు పట్టించిన పల్చటి కప్పు పలకలు, వేయిస్తున్నారు. షోరూంలో చెప్పే మాటలు విని డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి.

మాది సాగర్ నగర్ వైపు. మేడ ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చిన రోజు మా మేడ మీద గదికి ఉన్న రేకులన్నీ లేచిపోయాయి. పాత బిల్డింగ్ కాబట్టి ఇంకో స్లాబ్ బరువు పెట్టొద్దన్నారు ఇంజినీరు. మంగళూరు పెంకులు వేద్దామంటే అవీ బరువే. అందుకని 2015లో ఇనుప ఫ్రేమ్ మీద సిమెంట్ బోర్డులు బిగించి, పైన షింగిల్స్ వేయించాం. సరుకు అమ్మిందీ, మనుషుల్ని పంపి వేయించిందీ ఒకే డీలరు. ‘ముప్పై ఏళ్ల దాకా తిరిగి చూడక్కర్లేదమ్మా’ అని చేతిలో వారంటీ కార్డు పెట్టారు. ఆ వారంలోనే దాన్ని రిజిస్టర్ చేయించాను, బిల్లు ఫైల్లో పెట్టాను. కాగితాల విషయంలో నన్ను వేలెత్తి చూపే అవకాశం ఎవరికీ ఇవ్వను.

షింగిల్ అంటే ఏమిటో తెలిస్తే అది ఎలా పాడవుతుందో అర్థమవుతుంది. ఫైబర్‌గ్లాస్ పట్టకి తారులాంటి ఆస్ఫాల్ట్ పట్టించి, పైన రంగు వేసిన రాతి పలుకులు అద్దుతారు. ఆ పలుకులు అందం కోసమే అనుకుంటారు చాలామంది. అసలు పని ఎండని ఆపడం. అవి రాలిపోయాయంటే ఎండ నేరుగా తారు మీద పడుతుంది, తారులో ఉన్న జిడ్డు ఆవిరైపోతుంది, కప్పు పెళుసుబారుతుంది.

రెండేళ్ల కిందట గట్టర్ శుభ్రం చేస్తుంటే దోసిళ్ల కొద్దీ నల్లటి గరుకు ఇసుక వచ్చింది. ఇసుక కాదు, పలుకులే. ఉత్తరం వైపు వాలు మీద నల్లటి చారలు దిగాయి. అది నాచు జాతి, మన తేమకి పట్టకుండా ఉండదు. అసలు నష్టం నైరుతి వైపు జరిగింది. మధ్యాహ్నం ఎండంతా ఆ వాలుకే, సముద్రపు గాలీ వానా కొట్టేదీ ఎక్కువగా అటే. షింగిల్ అంచులు పైకి ముడుచుకున్నాయి. ఒకదాన్ని చేత్తో కాస్త వంచితే అప్పడంలా పటుక్కున విరిగింది. ఆ వర్షాకాలమే మంచం పక్కన గోడకి చెమ్మ దిగింది.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడికి ఫొటోలు పంపాను. వాళ్ల వీధిలో అన్ని ఇళ్లకీ ఇవే కప్పులు. ‘అక్కా, ఇక్కడ కూడా కార్డు మీద ముప్పై అనే ఉంటుంది. వడగళ్లు పడితే ఆ లోపే మార్చేస్తారు’ అన్నాడు. అక్కడ మామూలు మూడు ట్యాబ్‌ల రకం (ఒకే పొర, కింది అంచు మూడు ముక్కలుగా కోసి ఉండేది) 15 నుంచి 20 ఏళ్లు, రెండు పొరలు అతికించిన మందపాటి లామినేటెడ్ రకం 25, 30 ఏళ్లు వస్తుందని లెక్క. అది కూడా వాతావరణం కాస్త అనుకూలంగా ఉన్నచోట. ఆరిజోనాలో ఎండ తినేస్తుంది, మిన్నెసోటాలో గడ్డకట్టి కరిగే మంచు తినేస్తుంది, ఫ్లోరిడాలో తుపాను లేపేస్తుంది. మనకి మంచు ఒక్కటే లేదు. ఎండ, తేమ, ఉప్పుగాలి, తుపాను అన్నీ ఒకే కప్పు మీద పడతాయి. మాకు వేసింది మూడు ట్యాబ్‌ల రకం. ముప్పై ఏళ్ల మాట దానికి ఏ లెక్కన చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వారంటీకి దరఖాస్తు పెట్టడం తేలికే. బిల్లు, కార్డు, ఫొటోలు మెయిల్ చేశాను. తర్వాత షోరూంకి రమ్మన్నారు. అక్కడ జరిగింది మాత్రం నేను మర్చిపోలేను.

మేనేజరు నా ఫైలు తెరవకుండానే, ‘సార్ రాలేదా అమ్మా? సార్‌ని పంపండి, ఇవన్నీ టెక్నికల్ విషయాలు, మీకు అర్థం కావు’ అన్నాడు. మావారు మర్చంట్ నేవీలో ఉన్నారు, ఏడాదిలో సగం ఓడలోనే. ఆ కప్పు కొన్నప్పుడు బేరమాడింది నేను, బిల్లు మీద సంతకం నాది, ఎండలో నిలబడి పని చేయించింది నేను. డబ్బు తీసుకునేటప్పుడు సార్ ఎక్కడని ఎవరూ అడగలేదు. అదే మాట అన్నాను. ‘సరే, ఇన్‌స్పెక్షన్‌కి మనిషిని పంపుతాం’ అన్నాడు.

వచ్చిన కుర్రాడు నిచ్చెన ఎక్కలేదు. రోడ్డు మీద నిలబడి ఫోన్ జూమ్ చేసి నాలుగు ఫొటోలు తీసుకున్నాడు. ‘బాబూ, పైకి రా, మేకులు చూడు’ అంటే ‘మేడం, నాకు టైం లేదు’ అని బండెక్కాడు. తర్వాత వచ్చిన రిపోర్టులో మూడు కారణాలు రాశారు. కప్పు కింద గాలి ఆడటానికి దారి లేదట. సముద్ర తీరం కాబట్టి పర్యావరణ ప్రభావమట. ఈదురుగాలుల నష్టం వారంటీలోకి రాదట.

మళ్లీ వెళ్లాను. ఆ రోజు షోరూంలో కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న జంట ఒకటి శాంపిళ్లు చూసుకుంటోంది. వాళ్ల ముందే మేనేజరు, ‘పదేళ్లు హాయిగా వాడుకుని ఇప్పుడు డబ్బులకి వస్తారండీ కొందరు’ అని వాళ్లతో అన్నట్టుగా నన్నన్నాడు. ముఖం మీద కొట్టినట్టయింది. నేను ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఒకరి సొమ్ముకి ఆశపడి ఎక్కడా నిలబడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ అక్కడ కార్చదలచుకోలేదు.

నా సంచిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. మా మేస్త్రీ ఆ ముందురోజు కప్పు మీంచి పీకి ఇచ్చిన మేకులు అందులో ఉన్నాయి. వాటిని గాజు బల్ల మీద వరసగా పేర్చాను. కొన్నింటికి తలలు లేవు, తుప్పు తినేసింది. కొన్నింటికి తల కింద మెడ సూదిలా సన్నబడిపోయింది. వేలితో నొక్కితే ఎర్రటి పొడి రాలింది. ‘ఇవి మీ మనుషులు కొట్టిన మేకులు. సముద్రం కనిపించే ఇంటికి పల్చటి జింక్ పూత మేకులు ఎందుకు వాడారు?’ అని అడిగాను. ఆ జంటలో అమ్మాయి లేచి వచ్చి ఒక మేకు చేతిలోకి తీసుకుని చూసింది. ఇద్దరూ శాంపిళ్లు అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

తర్వాత ఆ వారంటీ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. సన్న అక్షరాల ఇంగ్లిష్, చదవడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. మీరూ చదవాల్సిందే. ఇలాంటి కాగితాలు సాధారణంగా చెప్పేది ఇది: వారంటీ తయారీ లోపానికే వర్తిస్తుంది, ఎండకీ వానకీ అరగడానికి కాదు. మొదటి కొన్నేళ్ల తర్వాత ఇచ్చే విలువ ఏటా తగ్గుతూ పోతుంది. కూలి, పాతది పీకే ఖర్చు ఇవ్వరు. గాలికి మాత్రం వేరే పరిమితి ఉంటుంది. మా కార్డులో గంటకు 60 మైళ్లు అని ఉంది, అంటే 96 కిలోమీటర్లు. భవనాల మీద గాలి ఒత్తిడి లెక్కగట్టే మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి పెట్టిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ చూసిన ఊళ్లో దానికి సగం గాలికి మాత్రమే హామీ ఉన్న సరుకు అమ్మడం నా దృష్టిలో మోసమే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

షోరూంతో మాటలు ఆపేసి 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫిర్యాదు నమోదు చేసుకుని కంపెనీకి పంపుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గొడవకి కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలన్నది మాత్రం గుర్తుంచుకోండి. కొందరు ‘చూస్తాం, చేస్తాం’ అంటూ సాగదీసేది ఆ గడువు దాటించడానికే. బిగించడంలో లోపం డీలరు మనుషులదేనని మేకుల ఫొటోలతో సహా ఫిర్యాదులో రాశాను, కేసు వేస్తానని కూడా రాశాను. అంతే, గొంతు మారింది. ‘అమ్మా’ పోయి ‘మేడం గారూ’ వచ్చింది. సార్ ఊసే లేదు. సరుకు విలువలో మిగిలిన ఏళ్ల వంతు, కూలిలో కొంత ఇస్తామన్నారు. సరుకు రూపంలో వద్దు, డబ్బే కావాలని పట్టుబట్టి అకౌంట్‌లో వేయించుకున్నాను. తప్పు ఒప్పుకుంటూ ఉత్తరం మాత్రం ఇవ్వలేదు. అది ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది.

కొత్త కప్పు పని భీమిలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రీకి ఇచ్చాను. ఆయన పైకెక్కి పావుగంట చూసి, ‘మేడం, షింగిల్ది సగం తప్పు, మేకుది సగం’ అన్నాడు. మేకు తుప్పొకటే కాదు, చోటు కూడా తప్పేనట. షింగిల్ మీద అంటు పట్టీ ఉంటుంది, ఎండకి కరిగి పై వరసని పట్టుకునేది. మేకు ఆ పట్టీకి కిందుగా గీత మీద పడాలి. అలా పడితేనే కింద వరస పై అంచుని కూడా పట్టుకుంటుంది. మా పాత కప్పుకి మేకులన్నీ పైకి కొట్టేశారు, ఒక్కో మేకు ఒక్కో పొరనే పట్టుకుంది.

పాతదాని మీద ఇంకో పొర వేస్తే చవక అని సలహా ఇచ్చినవాళ్లున్నారు. వినొద్దు. పూర్తిగా పీకించాను. కింద బోర్డుల అంచులు ఉబ్బిపోయి ఉన్నాయి. అవి మార్చి, నీరు దిగకుండా ఆపే, అంటుకునే పొర (మెంబ్రేన్) పరిచి, దాని మీద లామినేటెడ్ షింగిల్స్ వేయించాను. మామూలు చోట్ల షింగిల్‌కి నాలుగు మేకులు చాలంటారు, గాలి ఎక్కువ ఉన్నచోట ఆరు. ఆరూ స్టెయిన్‌లెస్ స్టీల్‌వే కొట్టించాను. మేకు ఖరీదు చూసి మా ఆడపడుచు గుండెలు బాదుకుంది గానీ, మొత్తం ఖర్చులో అది ఏ మూలకి? సరుకు ఎంచేటప్పుడు ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డి7158 గాలి పరీక్షలో హెచ్ క్లాసు ఉందో లేదో అడిగాను. అది గంటకు 150 మైళ్లు, అంటే దాదాపు 240 కిలోమీటర్ల గాలికి చేసే పరీక్ష. ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. నోటిమాట నమ్మకుండా మీ కళ్లతో చూడండి.

గాలి ఆడే దారి గురించి రిపోర్టులో రాసింది పూర్తిగా అబద్ధం కాదు, కానీ ఆ దారి మూసేసింది వాళ్ల మనుషులే. ఫాల్స్ సీలింగ్‌కీ కప్పుకీ మధ్య వేడి నిలిచిపోతే షింగిల్ కింద నుంచి కూడా ఉడుకుతుంది. సీలింగ్ వైశాల్యంలో 150వ వంతు మేర గాలికి తెరిపి ఉండాలని అమెరికా లెక్క. ఈసారి చూరు కింద జాలీలు, శిఖరం వెంట గాలి బయటికి పోయే సందు పెట్టించాను. శిఖరం పక్కనే జింక్ పట్టీ కూడా. వాన నీటితో పాటు జింక్ కొద్దికొద్దిగా దిగి నాచుని అడ్డుకుంటుంది.

ఈ పని ఫిబ్రవరిలో చేయించండి. అంటు పట్టీ పట్టుకోవడానికి ఎండ కావాలి, అక్టోబర్ తుపాన్లలోపు అది గట్టిగా పట్టేసి ఉండాలి. మే నెలలో అయితే తారు మెత్తబడి, చెప్పు తిరిగిన చోటల్లా పలుకులు ఊడతాయి. డీలరు పంపే మనుషులతో మాత్రం పని చేయించొద్దు. రేపు ఏదైనా అయితే తమ మనుషుల తప్పని ఒప్పుకోరు. మాకైతే సరుకూ పనీ ఒకరివే అయ్యుండీ తప్పు గాలి మీదా సముద్రం మీదా నెట్టేశారు. బిల్లులో మేకు రకం, ఒక్కో షింగిల్‌కి ఎన్ని మేకులు, గాలి క్లాసు రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపుకి వెళ్లండి.

ఇంకొకటి. ఒక బండిల్ అదనంగా కొని మెట్ల కింద నీడలో, నేల మీద పరిచినట్టు పెట్టాను. నిలబెడితే వంగిపోతాయి, ఎండలో పెడితే ఒకదానికొకటి అతుక్కుంటాయి. తుపాను తర్వాత నాలుగు షింగిల్స్ లేచిపోతే అదే రంగు, అదే రకం అప్పటికప్పుడు బజారులో దొరకదు.