చెకుముకి తుపాకీతో గేటు దగ్గర నా పాట్లు

నిన్ననే జరిగింది కాబట్టి ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది.

మేముండే పెన్సిల్వేనియాలో చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే పాతకాలపు తుపాకీలంటే ఒక పిచ్చి. క్రిస్మస్ తర్వాత వాటి కోసమని 1974 నుంచి ప్రత్యేకంగా ఒక వేట కాలమే ఉంది. నాకూ ఆ పిచ్చి పట్టింది. పాత నమూనా తుపాకీ ఒకటి కొనడం, గొట్టం మూతి నుంచి మందు దట్టించడం నేర్చుకోవడం రెండు వారాల్లో అయిపోయాయి. సూరేకారం, గంధకం, బొగ్గు. దీపావళికి మతాబులు కూరిన చేతులకు అది కొత్త విద్య కాదు.

ఇలాంటి తుపాకీల వాళ్లు పాతకాలం మనుషుల్లా గడిపే శిబిరం ఒకటుంటే వెళ్లాను. కష్టమంతా దాని గేటు దగ్గరే. 1840 తర్వాతి వస్తువు ఏదీ లోపలికి రాకూడదని అక్కడి నియమం. పడమటి కొండల్లో బొచ్చు వ్యాపారుల సంతలు ఆగిపోయిన సంవత్సరమట అది. తనిఖీ చేసే పెద్దాయన జింక తోలు పరిచి నా సంచి దాని మీద కుమ్మరించమన్నారు. నా వెనక పదిహేను మంది వరసలో ఉన్నారు. ముందుగా నా చొక్కా గుండీని గోటితో గీకి "ప్లాస్టిక్" అన్నారు. మందు కూరే గజాన్ని వంచి చూసి, హికరీ కర్రది తెచ్చుకోమన్నారు. గురి చూసే చోట మెరిసే పచ్చ చుక్కకు తల అడ్డంగా ఊపారు.

అంతటితో వదిలితే బాగుండేది. గొట్టం మీద హాకెన్ అన్న పేరు కనబడగానే ప్రసంగం మొదలైంది. సెయింట్ లూయీలో హాకెన్ సోదరులు చేసిన తుపాకీలకు సాధారణంగా ఇనుప బిగింపులు, నాదానికి తళతళలాడే ఇత్తడి. వాళ్లవి ఎక్కువగా కేపు (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న లోహపు మూత) పెట్టి పేల్చేవి, నాది చెకుముకి. లోపల రేకు స్ప్రింగు ఉండాల్సిన చోట చుట్టల స్ప్రింగు. "ఇది ఏ కాలానికీ చెందని తుపాకీ" అని అందరికీ వినబడేలా తేల్చేశారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. యాభై దాటిన మనిషిని, బడిలో గోడకుర్చీ వేసిన పిల్లాడిలా నిలబడ్డాను. ఆయన ముక్కు మీద సన్నటి లోహపు ఫ్రేముతో కొత్త కళ్లజోడు ఉంది. అది ఏ సంవత్సరం నాటిదని అడగబోయి మానుకున్నాను. అడిగి ఉండాల్సింది.

ఆ తోలు మీద ఆయన తప్పు పట్టనిది ఒక్కటే: గుండుకు చుట్టే గుడ్డ ముక్కలు. అమ్మ ఇచ్చిన చేనేత దుప్పటిని కత్తిరించినవి. వేళ్ల మధ్య నలిపి చూసి, ఏ మగ్గం మీద నేశారని అడిగారు. మా ఊరిదని కాస్త గర్వంగానే చెప్పాను.

చివరికి వరసలోని ఒకావిడ జాలిపడి తన రెండో తుపాకీ, చొక్కా అరువిచ్చారు. మొదటిసారి మీట నొక్కితే తుపాకీ పక్కనుండే చిన్న గిన్నెలో రంజకం, అంటే ముందుగా అంటుకునే మందు, భగ్గుమంది, తుపాకీ మాత్రం పేలలేదు. ఆ నిప్పు గొట్టంలోకి వెళ్లే పక్క రంధ్రంలో నూనె మడ్డి. సూదితో పొడిచి మళ్లీ రంజకం పోస్తే గుండు ఇనుప పలకను ఠంగుమనిపించింది.

వెళ్లాలనుకునేవారు ముందే ఆ శిబిరం వాళ్లను అడిగి జాబితా రాయించుకోండి, ఒక చోట చెల్లింది ఇంకో చోట చెల్లదు. నల్లటి తుపాకీ మందుకు బదులుగా అమ్మే పొడులు చెకుముకి నిప్పురవ్వకు సరిగా అంటుకోవు. "అంతా సంప్రదాయమే సార్" అనే దుకాణదారును అసలే నమ్మకండి.

సాయంత్రం ఆ పెద్దాయనే నా దగ్గరికి వచ్చి దుప్పటి ముక్కలు నాలుగు ఇస్తారా అన్నారు. రెండిచ్చాను.